గురుత్వ క్షేత్రం, విద్యుత్ క్షేత్రం – మన కదిరి నేల

గత వేసవి సెలవుల తరువాత కళాశాల తెరచిన మొదటి వారంలో ఒక విద్యార్థి పాఠం ముగియగానే నా వద్దకు వచ్చినాడు. ఆ వేసవిలో వారి చేనిలో మూడవ బోరు వేసినారట. అంతకు ముందు వేసిన రెండు బోర్లు ఎండిపోయినవి. ఈసారి టెంకాయతో నీళ్లు చూసే ఒక పెద్దాయనను పిలిపించినారు. ఆయన అరచేతిలో అడ్డంగా పెట్టుకొన్న టెంకాయ చేనిలో ఒకచోట నిటారుగా లేచి నిలిచినది. అక్కడనే బోరు వేసినారు. ఎంత లోతుకు పోయినా తెల్లని రాతిపిండి తప్ప తడి కనబడలేదు. చేను ఎండినది, అప్పు మిగిలినది.

"సార్, భూమి ఆకర్షణతోనే టెంకాయ లేస్తుందని ఆయప్ప చెప్పినాడు. మీరు పాఠంలో చెప్పే గురుత్వ క్షేత్రం అదేనా?" అని ఆ విద్యార్థి అడిగినాడు.

నేను ఆనాడు "కాదు నాయనా" అని మాత్రం చెప్పి ఊరుకొన్నాను. కాని "కాదు" అన్న ఒక్క మాట శాస్త్రం కాదు. ఎందుకు కాదో, ఎంత కాదో లెక్క కట్టి చూపినప్పుడే అది శాస్త్రమవుతుంది. ఆ లెక్కను విద్యార్థి మిత్రుల ముందుంచుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

క్షేత్రమంటే ఏమి?

తెలుగులో క్షేత్రమంటే పంట పండే చేను. పుణ్యస్థలమనే అర్థం కూడా కలదు. భౌతికశాస్త్రంలో మనం విద్యుత్ క్షేత్రమని పిలిచేదానిని ఉర్దూలో 'బర్ఖీ మైదాన్' అంటారు. చేను, మైదానం – రెండింటిలోను ఉన్న భావం ఒక్కటే: పరచుకొని ఉన్న చోటు. ఒక వస్తువు తన చుట్టూ ఉన్న చోటులో ఒక స్థితిని కలిగిస్తుంది. ఆ చోటులో ఏ బిందువు వద్దనైనా మరొక వస్తువును ఉంచితే దానిపై ఎంత బలం, ఏ దిక్కున పనిచేస్తుందో ఆ స్థితి నిర్ణయిస్తుంది. దానికే క్షేత్రమని పేరు. విత్తనం వేయకముందే చేనిలో సారం ఉంటుంది. మొలక వచ్చినప్పుడు అది మనకు తెలుస్తుంది. అట్లే, పరీక్ష వస్తువును ఉంచకముందే క్షేత్రం ఉంటుంది; వస్తువుపై బలం పనిచేసినప్పుడు అది మనకు తెలుస్తుంది.

ఈ భావనను శాస్త్రానికి ఇచ్చినవాడు ఇంగ్లండు దేశీయుడైన మైకేల్ ఫారడే. ఆయన కమ్మరి కుమారుడు. పుస్తకాలకు అట్టలు కుట్టే దుకాణంలో పని నేర్చుకొంటూ, అక్కడికి వచ్చిన పుస్తకాలనే చదువుకొని శాస్త్రజ్ఞుడైనాడు. గణితంలో ఆయనకు పాండిత్యం లేదు. అయస్కాంతం చుట్టూ ఇనుపరజను బారులు తీరుటను చూచి, చోటంతటా బలరేఖలు పరచుకొని ఉన్నవని ఊహించినాడు. ఆ ఊహకు 1865లో మాక్స్‌వెల్ సమీకరణాల రూపమిచ్చినాడు.

ఒక కిలోగ్రాము ద్రవ్యరాశిపై పనిచేసే గురుత్వ బలమే గురుత్వ క్షేత్ర తీవ్రత. కదిరిలో అది సుమారు 9.78 న్యూటన్లు, ధ్రువాల వద్ద 9.83. ఒక కూలుంబ్ ధనావేశంపై పనిచేసే విద్యుద్బలం విద్యుత్ క్షేత్ర తీవ్రత.

రెండు నియమాలు, ఒకే రూపం

వస్తువు బరువు స్థలాన్ని బట్టి మారవచ్చునన్న ఆలోచన ప్రాచీనమైనది. అల్ ఖాజినీ అనే పండితుడు 1121 ప్రాంతంలో రచించిన 'మీజానుల్ హిక్మా' అనే త్రాసుల గ్రంథంలో, కేంద్రం నుండి దూరాన్ని బట్టి వస్తువు భారం మారుతుందని భావించినాడు. అయితే అది ఏ తీరున మారుతుందో సరిగా చెప్పినవాడు న్యూటన్. ఆయన 1687లో ప్రకటించిన నియమం ప్రకారం, రెండు వస్తువుల మధ్య ఆకర్షణ వాటి ద్రవ్యరాశుల లబ్ధానికి అనులోమంగాను, వాటి మధ్య దూరం వర్గానికి విలోమంగాను ఉంటుంది. దూరం రెట్టింపైతే బలం నాల్గవ వంతు అవుతుంది. మూడు రెట్లయితే తొమ్మిదవ వంతు.

దాదాపు నూరేండ్ల తరువాత 1785లో ఫ్రాన్సు దేశంలో కూలుంబ్, సన్నని తీగకు వ్రేలాడదీసిన కడ్డీ మెలికపడుటను కొలిచి, విద్యుదావేశాల మధ్య బలం కూడా అచ్చముగా ఇదే తీరున మారుతుందని నిరూపించినాడు. ద్రవ్యరాశి ఉన్నచోట ఆవేశమని వ్రాస్తే చాలు, నియమం అదే. 1798లో కావెండిష్ అటువంటి మెలిక త్రాసుతోనే సీసపు గోళాల మధ్య గురుత్వాకర్షణను కొలిచి, భూమి సగటు సాంద్రత నీటికి సుమారు ఐదున్నర రెట్లని తేల్చినాడు. పైన కనబడే రాళ్ల సాంద్రత మూడు రెట్లకు లోపే కనుక, భూగర్భంలో మరింత బరువైన పదార్థమున్నదని ఆనాడే తెలిసినది.

దూరం వర్గం ఎందుకు వచ్చినది? దీపం వెలుతురును తలచుకొనుడు. దీపం నుండి దూరం పోయినకొద్దీ అదే వెలుతురు పెద్ద గోళంపై పరచుకొంటుంది. గోళం వైశాల్యం వ్యాసార్ధం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక వెలుతురు అదే వంతున పలుచబడుతుంది. బలరేఖలు పలుచబడే తీరు కూడా ఇదే. ఈ మాటను గుర్తుంచుకొనవలె. నేలలో నీరు వెదికేటప్పుడు మళ్లీ మనకిది ఎదురవుతుంది.

రూపం ఒకటే, స్వభావం వేరు

ఒకే రూపం కల ఈ రెండు క్షేత్రాలు స్వభావంలో మాత్రం వేరువేరు. మొదటి భేదం ఏమనగా, ద్రవ్యరాశి ఒకే విధమైనది. అది ఎప్పుడును ఆకర్షిస్తుంది. ఆవేశాలు ధనమని, ఋణమని రెండు విధాలు. సజాతి ఆవేశాలు వికర్షిస్తాయి, విజాతి ఆవేశాలు ఆకర్షిస్తాయి.

రెండవ భేదం బలంలో కలదు. హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాను, ఎలక్ట్రానుల మధ్య విద్యుదాకర్షణ వాటి గురుత్వాకర్షణకంటె సుమారు 2 పక్కన 39 సున్నలు పెట్టినన్ని రెట్లు అధికం. అట్లయితే మనలను నేలకు పట్టి ఉంచేది విద్యుత్తు కాక గురుత్వమే ఎందుకయినది? పదార్థంలో ధన, ఋణావేశాలు సరిసమానంగా ఉండి ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేస్తాయి. గురుత్వానికి రద్దు లేదు. రాయి, నీరు, మన్ను, మనిషి – ఏదైనా తన వంతు ఆకర్షణను మొత్తానికి కలుపుతూనే ఉంటుంది.

మూడవ భేదం మనకు మిక్కిలి ముఖ్యమైనది. గురుత్వం పదార్థాన్ని బట్టి పక్షపాతం చూపదు. కిలో నీరైనా, కిలో రాయి అయినా దానికి ఒకటే. విద్యుత్తు అట్లు కాదు. వాహకం గుండా సులభంగా సాగుతుంది, బంధకం వద్ద ఆగుతుంది. కనుక ఏది నీరు, ఏది రాయి అని మనకు వేరుచేసి చెప్పగల శక్తి గురుత్వానికి తక్కువ, విద్యుత్తుకు ఎక్కువ.

ఈ రెండు క్షేత్రాలను ఒకే బిందువుపై ఎదురెదురుగా నిలిపినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు మిల్లికాన్. 1909లో మొదలుపెట్టిన ఆ ప్రయోగంలో, రెండు లోహపు పలకల మధ్య ఆవేశం గల సన్నని నూనె బిందువును వదలి, గురుత్వం దానిని కిందికి లాగుతుండగా విద్యుత్ క్షేత్రంతో పైకి ఎత్తి నిలిపినాడు. ఒక మైక్రోమీటరు వ్యాసార్ధం గల బిందువుపై ఒకే ఒక్క ఎలక్ట్రాను అదనంగా ఉన్నదనుకొంటే, దానిని నిలుపుటకు మీటరుకు సుమారు 2,30,000 వోల్టుల క్షేత్రం కావలె. పలకల మధ్య ఎడం 5 మిల్లీమీటర్లైతే 1,150 వోల్టులు చాలును. భూగోళమంతా ఒకవైపు లాగుతుండగా ఒక్క ఎలక్ట్రాను దానికి ఎదురు నిలువగలిగినదంటే విద్యుద్బలం ఎంతటిదో ఊహించవచ్చును.

మన చుట్టూ నిత్యం ఉన్న విద్యుత్ క్షేత్రం

విద్యుత్ క్షేత్రం ప్రయోగశాలలోనే ఉంటుందని అనుకొనరాదు. భూమి ఉపరితలంపై ఋణావేశమున్నది. అందుచేత మబ్బు లేని రోజున కూడా ఆరుబయట నేల సమీపంలో మీటరుకు సుమారు 100 వోల్టుల క్షేత్రం నిలువుగా కిందికి ఉంటుంది. చేనిలో నిలిచిన రైతు తల ఎత్తున ఉన్న గాలికి, నేలకు మధ్య నూటయాభై వోల్టులకు పైగా తేడా ఉండవలసినది. అయినా అతనికి ఏమియు తెలియదు. శరీరం వాహకం కనుక తల నుండి పాదం వరకు ఒకే పొటెన్షియల్‌కు వస్తుంది. గాలి బంధకం కనుక ప్రవహించే విద్యుత్తు లెక్కకు రానంత స్వల్పం.

ఉరుముల మబ్బు కింద ఈ క్షేత్రం మీటరుకు వేల వోల్టులకు పెరుగుతుంది. ఎత్తుగా, మొనదేలి ఉన్న వస్తువుల వద్ద అది మరింత కేంద్రీకరిస్తుంది. మన మెట్టచేలలో ఒంటరిగా నిలిచిన చింతచెట్టు కింద ఉరుముల వేళ తలదాచుకొనుట ప్రాణాపాయమని చెప్పుటకు కారణమిదే. మనిషికి ఈ క్షేత్రాలను పసిగట్టే ఇంద్రియం లేదు. కాబట్టి కొలిచే పరికరం కావలె. టెంకాయ అట్టి పరికరమగునా?

టెంకాయ లెక్క

మన ప్రాంతపు గట్టి రాతినేలలో నీరు నిలిచే ఖాళీ చాలా తక్కువ. నూటికి రెండు వంతుల ఖాళీ ఉన్నదనుకొందాము. పది మీటర్ల మందాన ఆ ఖాళీ అంతా నీటితో నిండినదనుకొంటే, అది 20 సెంటీమీటర్ల మందం గల నీటి పొరకు సమానం. గురుత్వ క్షేత్రంలోని స్వల్ప భేదాలను కొలుచుటకు 'మిల్లీగాల్' అనే కొలమానం వాడుతారు. మొత్తం గురుత్వంలో అది దాదాపు పదిలక్షలలో ఒక వంతు. గెలీలియో పేరు మీద ఏర్పడిన కొలమానమది. ఒక మీటరు మందం గల విశాలమైన నీటి పొర తన పైన 0.042 మిల్లీగాల్ గురుత్వాన్ని అదనంగా కలిగిస్తుంది. 20 సెంటీమీటర్ల పొర కలిగించేది 0.0084 మిల్లీగాల్.

600 గ్రాముల టెంకాయ బరువులో దీనివలన వచ్చే మార్పు గ్రాములో రెండులక్షల వంతు. చిన్న ఇసుక రేణువు కూడా దీనికంటె ఎన్నో రెట్లు బరువు. అంతేకాదు, నేల నుండి ఎత్తు పెరిగినకొద్దీ గురుత్వం మీటరుకు 0.3086 మిల్లీగాల్ వంతున తగ్గుతుంది. అనగా చేతిని మూడు సెంటీమీటర్లు పైకెత్తినా టెంకాయ బరువు ఇంతే మారుతుంది. చంద్రుని, సూర్యుని ఆకర్షణ వలన రోజు మొత్తంలో గురుత్వం సుమారు 0.2 మిల్లీగాల్ వరకు హెచ్చుతగ్గులు పొందుతుంది. ఇది ఆ నీటి ప్రభావానికి ఇరవై రెట్లకు పైగా ఉన్నది. నీటి ఆకర్షణకు లేచే టెంకాయ అయితే చంద్రోదయ, చంద్రాస్తమయాలకు కూడా లేవవలసి ఉండును!

మరొక విషయం. కింద నీరు నిండితే ఆకర్షణ పెరుగుతుంది. టెంకాయ కిందికి లాగబడవలె గాని పైకి లేవరాదు. పైగా, పగుళ్లలో నీరున్న చోటికంటె పగులే లేని గట్టి రాయి ఉన్న చోటనే ఆకర్షణ అధికం, ఎందుకనగా రాయి నీటికంటె రెండున్నర రెట్లకు పైగా సాంద్రమైనది. కనుక ఏ విధంగా చూచినను గురుత్వ క్షేత్రం టెంకాయను లేపదు.

మరి అది లేచుట కన్నులారా చూచినాము గదా అని అడుగవచ్చును. అరచేతిలో అడ్డంగా నిలిపిన టెంకాయ అస్థిర సమతాస్థితిలో ఉంటుంది. మణికట్టు రవ్వంత కదిలినా అది దొర్లుతుంది. నడిచేవాని మనసులోని అంచనా, తనకే తెలియకుండా, కండరాలను కదిలిస్తుంది. అందుచేత ఆ పెద్దాయనను మోసగాడని నేననను. ఏండ్ల తరబడి ఊరి వాలును, వాగును, చెట్టును, పుట్టను చూచిన అనుభవం ఆయనకు ఉండవచ్చును. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలో చెట్లను, పుట్టలను బట్టి భూగర్భజలాన్ని ఊహించుటకు ఒక అధ్యాయమే కేటాయించినాడు. ఆ పరిశీలన విలువైనదే. అయితే పరిశీలించేది మనిషి, టెంకాయ కాదు.

గురుత్వమాపకం చూచేది ఏమి?

గురుత్వం నీటిని వెదుకుటకు ఏమాత్రము పనికిరాదా? పనికివస్తుంది, కాని వేరొక దారిన. గురుత్వమాపకమనే పరికరంలో అతి సున్నితమైన స్ప్రింగుకు చిన్న బరువు వ్రేలాడుతుంది. మంచి పరికరం మిల్లీగాల్‌లో నూరవ వంతును పట్టుకొంటుంది. రాయి శిథిలమై మెత్తబడిన చోట సాంద్రత తగ్గుతుంది. అట్టి మెత్తని పొర చుట్టుపక్కలకంటె 20 మీటర్లు లోతుగా ఉన్నచోట గురుత్వం సుమారు 0.4 మిల్లీగాల్ తగ్గుతుంది. ఇది కొలవదగిన భేదమే. ఒక్క మాటలో చెప్పవలెనంటే, గురుత్వమాపకం నీటిని చూడదు. గట్టిరాయి లేకపోవుటను చూస్తుంది. ఎత్తులోని కొద్ది భేదం కూడా లెక్కను చెరుపుతుంది కనుక కొలిచిన ప్రతి చోటి ఎత్తును సెంటీమీటర్ల వరకు సరిచూడవలె.

హైదరాబాదులో 1961లో స్థాపించబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1975లో భారతదేశపు గురుత్వ పటాలను ప్రచురించినది. మనకు పొరుగునే ఉన్న కడప శిలాద్రోణి నైరుతి భాగంలో గురుత్వం చుట్టుపక్కలకంటె హెచ్చుగా ఉన్నది. లోతున సాంద్రమైన నల్లని అగ్నిశిల ఉన్నదని శాస్త్రజ్ఞులు దానికి అర్థం చెప్పినారు. త్రవ్వకుండానే నేల లోపలి సంగతి తెలుసుకొనుటకు ఇది చక్కని ఉదాహరణ.

2002 మార్చిలో ఆకాశంలోకి పంపిన 'గ్రేస్' అనే జంట ఉపగ్రహాలు ఇదే పనిని భూమండలమంతటికి చేసినవి. రెండింటి మధ్య దూరం సుమారు 220 కిలోమీటర్లు. కింద బరువు అధికంగా ఉన్నచోట ముందున్నది కొంచెం వేగంగా లాగబడుతుంది. ఆ దూరంలోని అతి స్వల్పమైన మార్పును కొలిచి గురుత్వాన్ని లెక్కించినారు. రాజస్థాన్, పంజాబ్, హర్యానా రాష్ట్రాలలో 2002 ఆగస్టు నుండి 2008 అక్టోబరు వరకు 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం తరిగిపోయినదని 2009లో ప్రకటించిన పరిశోధన ఈ కొలతలపై ఆధారపడినదే. తోడిన నీటికి ఆకాశమే లెక్క వ్రాసినది! అయితే ఆ చూపు వందల కిలోమీటర్ల విస్తీర్ణానిది. ఒక రైతు చేనిలోని బోరు దానికి కనబడదు.

నేలలో విద్యుత్ క్షేత్రం

చేనంత చోటును చూచే చూపు విద్యుత్తుది. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలోను, అప్పటి నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోను ఉన్న మన కదిరి వర్షచ్ఛాయలోని ప్రాంతం. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనాన్ని అడ్డగిస్తాయి. తూర్పు తీరపు తుఫాను వానలు ఇక్కడికి చేరేసరికి నీరసిస్తాయి. అనంతపురం ప్రాంతపు సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్లు. కింద ఉన్నది గట్టి శిల. పైన కొద్ది మీటర్ల మెత్తబడిన పొర, దానికింద పగుళ్లు – నీరున్నది ఈ రెండింటిలోనే. కొన్నిచోట్ల నిలువు గోడలవలె చొచ్చుకొని వచ్చిన నల్లరాతి బారులు భూగర్భజలాన్ని అడ్డుకొంటాయి.

శుష్కమైన రాయి విద్యుత్తుకు బంధకం. నేలలోని నీటిలో కరిగిన లవణాలుంటాయి. వాటి అయానులు విద్యుత్తును మోస్తాయి. కనుక నీరు నిండిన మెత్తని రాయికి విశిష్ట నిరోధం తక్కువ, పగులులేని గట్టి రాతికి ఎక్కువ. నీటితో నిండిన శిథిల శిలకు అది సాధారణంగా కొన్ని పదుల ఓమ్-మీటర్లు, గట్టి రాతికి వేయి ఓమ్-మీటర్లకు పైన.

దీనిని కొలుచుటకు నాలుగు ఇనుప మేకులను ఒకే వరుసలో సమాన దూరంలో నేలలో దిగగొడతారు. చివరి రెండు మేకుల ద్వారా విద్యుత్తును పంపుతారు. లోపలి రెండు మేకుల మధ్య వోల్టేజిని కొలుస్తారు. ఫ్రాన్సులో ష్లుంబెర్జే 1912 నుండి, అమెరికాలో వెన్నర్ 1915 ప్రాంతంలో ఈ విధానానికి పునాది వేసినారు. నేల ఎండిపోయిన వేసవిలో మేకుల వద్ద ఉప్పునీరు పోసి తడుపుతారు. లేనిచో విద్యుత్తు నేలలోకి దిగదు.

మేకు నుండి విద్యుత్తు నేలలో అర్ధగోళాకారంగా అన్నివైపులకు పరచుకొంటుంది. అర్ధగోళం వైశాల్యం దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక విద్యుత్ క్షేత్రం దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. న్యూటన్ ఆకాశంలో చూచిన నియమమే మన చేనిలో ఇనుప మేకు చుట్టూ ఉన్నది! ఇందుండి వచ్చే సూత్రం సులభమైనది: విశిష్ట నిరోధం = 6.28 × మేకుల మధ్య ఎడం × వోల్టేజి ÷ విద్యుత్తు. ఎడం 20 మీటర్లు, విద్యుత్తు 100 మిల్లీఆంపియర్లు, వోల్టేజి 80 మిల్లీవోల్టులు అనుకొంటే, విశిష్ట నిరోధం సుమారు 100 ఓమ్-మీటర్లు.

ఎడం పెంచినకొద్దీ విద్యుత్తు మరింత లోతుకు పోతుంది. అంతటా ఒకేరీతిగా ఉన్న నేలలో, చివరి మేకుల మధ్య దూరంలో సగం లోతుకు కింద సగం విద్యుత్తు ప్రవహిస్తుంది. ఎడం పెంచుతూ కొలతలను గీతగా గీస్తే పొరలు బయటపడతాయి. మొదట ఎక్కువ, తరువాత తక్కువ, ఆపైన ఒక్కసారిగా నిటారుగా పెరిగే గీత వస్తే – పైన ఎండు మన్ను, నడుమ తడి పొర, అడుగున గట్టిరాయి అని చదువవచ్చును. ఆ నడిమి పొర మందంగా ఉన్నచోట బోరుకు ఆశ కలదు. గీత మొదటి నుండియే నిటారుగా లేస్తే ఆ చోట బోరు వేయకుండుటయే మేలు. నీరు లేని చోటును ముందుగా తెలుపుట కూడా రైతుకు మేలే.

అయితే ఈ పరికరాన్ని కూడా గుడ్డిగా నమ్మరాదు. బంకమన్నుకు, ఉప్పునీటికి కూడా విశిష్ట నిరోధం తక్కువే. నూరు మీటర్ల లోతున ఉన్న సన్నని పగులు ఉపరితలం నుండి కనబడదు. యంత్రం చెప్పేది అవకాశాన్ని, హామీని కాదు. టెంకాయకు, దీనికి ఉన్న తేడా ఏమనగా, ఇది తన పొరపాటుకు కారణం కూడా చెప్పగలదు.

నీటిని పైకి తెచ్చుట

నీరు పడిన తరువాత కూడా గురుత్వం మనలను విడువదు. 200 మీటర్ల లోతు నుండి వేయి లీటర్ల నీటిని పైకి తెచ్చుటకు 1000 × 9.8 × 200, అనగా 19,60,000 జౌళ్ల పని చేయవలె. ఇది అర యూనిట్ కరెంటుకంటె కొంచెం అధికం. పంపులోని నష్టాలు కలిపితే ఖర్చు రెట్టింపును మించుతుంది. నీటి మట్టం నూరు మీటర్ల నుండి రెండు వందలకు దిగితే ప్రతి బిందెకు పని రెండింతలు అవుతుంది. గురుత్వ క్షేత్రంలో కిలోకు ఇన్ని జౌళ్లు, విద్యుత్ క్షేత్రంలో కూలుంబ్‌కు ఇన్ని జౌళ్లు – పొటెన్షియల్ అనే భావన రెండింటిలోను ఒక్కటే.

బోరు నడుస్తుండగా దాని చుట్టూ నీటి మట్టం గరాటువలె దిగుతుంది. పక్కపక్కనే బోర్లుంటే గరాటులు ఒకదానినొకటి తాకి అందరి నీరు తరుగుతుంది. 2002లో వచ్చిన వాల్టా చట్టం ఉద్దేశాలలో భూగర్భజలాన్ని కాపాడుట ఒకటి. కాని చట్టంకంటె ముందు లెక్క తెలియవలె. ఆకాశం నుండి దిగిన నీటికంటె అధికంగా తోడినచో ఏ క్షేత్రమును, ఏ పరికరమును మనలను కాపాడలేదు.

కళాశాలకు ఒక మనవి

విద్యార్థి మిత్రులారా, ఈ విషయాలను నమ్మనవసరం లేదు, కొలిచి చూడుడు. ఒక మీటరు పొడవు గల లోలకం కదిరిలో నూరు డోలనాలకు సుమారు 200.9 సెకన్లు తీసుకొంటుంది. ధ్రువం వద్ద అదే లోలకానికి 200.4 సెకన్లు. ఆ అర సెకనులో భూమి ఆకారం, భ్రమణం రెండూ దాగి ఉన్నవి. నాలుగు ఇనుప మేకులు, ఒక 12 వోల్టుల బ్యాటరీ, రెండు మల్టీమీటర్లు, కొలత తాడు ఉంటే కళాశాల ఆవరణలోనే నేల విశిష్ట నిరోధాన్ని కొలవవచ్చును. ఇంటి కరెంటును మాత్రం ఎట్టి పరిస్థితిలోను నేలలోకి పంపరాదు, అది ప్రాణాంతకం.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఈ కొద్ది సామగ్రిని ప్రయోగశాలకు సమకూర్చవలె. ప్రతి విద్యార్థి తన ఊరిలోని ఒక బావి లేక బోరు నీటి మట్టాన్ని నెలకొకసారి కొలిచి ఒక పుస్తకంలో వ్రాసి ఉంచవలె. పదేండ్లలో ఆ పుస్తకం మన ప్రాంతానికి తరుగని ఆస్తి కాగలదు.

ఆనాడు ప్రశ్న అడిగిన విద్యార్థికి నా సమాధానం ఇది. గురుత్వ క్షేత్రం నిజం. అది టెంకాయను లేపదు. విద్యుత్ క్షేత్రం నిజం. అది కొలిచినవానికి మాత్రమే మాట్లాడుతుంది. నాలుగవ బోరుకు అప్పు తేవలసి వచ్చినచో, నాయనా, మీ నాయనతో చెప్పుము: ముందు నాలుగు మేకులు దిగగొట్టిన తరువాతనే బోరుబండిని పిలువవలెనని.